ఆ నల్లరాళ్లు ఎత్తింది ఎవరు?

నారాయణగూడ చౌరస్తా నుంచి చిక్కడపల్లి మీదుగా ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దాకా నడిస్తే ట్రావెల్స్ వాళ్ల బోర్డులు కళ్లబడుతూనే ఉంటాయి. ఒక బోర్డు మీద యెరూషలేము, బేత్లెహేము, గలిలయ సముద్రం. ఇంకో బోర్డు మీద మారిషస్, బాలి, మాల్దీవులు. మొదటిది చూసి ‘ఎప్పటికైనా వెళ్లాలి’ అనుకోని కుటుంబం మన సంఘాల్లో ఉండదు. 2008లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం యెరూషలేము యాత్రకు ఆర్థిక సాయం మొదలుపెట్టాక ఆ కోరిక సామాన్యుల ఇళ్లలోకి కూడా వచ్చింది. రెండో బోర్డు సంగతి వేరు. దాని ముందు ఆగాలంటే ఎవరైనా చూస్తున్నారేమోనని ఒకసారి అటూ ఇటూ చూసుకుంటాం.

మేము నాలుగు కుటుంబాల వాళ్లం, మొత్తం పదకొండు మందిమి, మారిషస్ వెళ్తున్నామని తెలియగానే అశోక్‌నగర్ గృహకూడికలో ఒక పెద్దమ్మగారు అడిగారు. “యెరూషలేము చూశారా బాబూ?” లేదండీ అన్నాం. “మరి ఇదేంటి ముందు?”

అడగవలసిన ప్రశ్నే. మన ఇళ్లలో సెలవు అంటే సొంతూరికి వెళ్లడం, లేదంటే పెళ్లికో సువార్త మహాసభలకో వెళ్లడం. ఏ పనీ లేకుండా, ఏ చుట్టమూ లేని చోటికి డబ్బు పెట్టుకుని వెళ్లడం పాపం కాకపోయినా దుబారా అనే మాట బలంగా ఉంది. అయితే తిండి తినడానికి కూడా తీరిక లేకుండా జనం మధ్య తిరుగుతున్న శిష్యులను, కాసేపు జనం లేని చోటికి వచ్చి అలసట తీర్చుకోమని పిలిచింది యేసుప్రభువే. మార్కు సువార్త ఆరో అధ్యాయంలో ఉంది. విశ్రాంతి దినపు ఆజ్ఞ కూడా బైబిలులో రెండు చోట్ల రెండు రకాలుగా కనిపిస్తుంది. నిర్గమకాండంలో దానికి చెప్పిన కారణం, దేవుడు సృష్టి ముగించి విశ్రమించాడని. ద్వితీయోపదేశకాండంలో మాత్రం కారణం మారింది. మీరు ఐగుప్తులో బానిసలుగా ఉన్నవాళ్లు, కాబట్టి మీ దాసుడు, మీ దాసి, మీ ఎద్దు, మీ ఊళ్లో ఉన్న పరదేశి కూడా మీలాగే విశ్రమించాలి అని. విశ్రాంతి మనకు దొరికిందా అని మాత్రమే కాదు, మన చుట్టూ ఎవరికి దొరకలేదు అని కూడా ఆ ఆజ్ఞ అడుగుతుంది. మారిషస్‌లో ఉన్న వారం రోజులూ ఆ ప్రశ్న మా వ్యాన్‌లోనే కూర్చుని మాతో తిరిగింది.

నిప్పులోంచి లేచిన నేల

ముందు ప్రయాణం సంగతి. ఆఫ్రికా వైపు వెళ్తున్నాం కదా, నారాయణగూడ ఐపీఎంకు వెళ్లి ఎల్లో ఫీవర్ సూది వేయించుకోవాలా అని మాలో ఇద్దరు కంగారు పడ్డారు. ఆ జబ్బు ఉన్న దేశాల మీదుగా వెళ్లేవాళ్లకే ఆ పట్టింపు. ఇక్కడి నుంచి తిన్నగా వెళ్లేవాళ్లకు అక్కర్లేదు. ముందుగా వీసా కూడా అక్కర్లేదు. ముంబై మీదుగా వెళ్లి, దిగగానే గడియారం గంటన్నర వెనక్కి తిప్పుకున్నాం. మేము ఎంచుకున్నది సెప్టెంబరు మొదటి వారం. అది వాళ్లకు చలికాలం చివర. చలి అంటే మన డిసెంబరు పగటిపూట ఉండేంత. జనవరి నుంచి మార్చి దాకా ఉక్కపోత, తుఫానులు.

మారిషస్ ప్రధాన ద్వీపం 1,865 చదరపు కిలోమీటర్లు. మన పాత రంగారెడ్డి జిల్లాలో దాదాపు నాలుగో వంతు. మొత్తం దీవి సముద్రం అడుగు నుంచి లావా పొరలు పొరలుగా పేరుకుని పైకి లేచిందే. చుట్టూ పగడపు దిబ్బ గోడలా ఉంటుంది. అలలు ఆ గోడకు తగిలి అక్కడే విరుగుతాయి కాబట్టి లోపల నీళ్లు చెరువులా నిలకడగా, పచ్చగా, మోకాలి లోతున పిల్లలు ఆడుకునేంత మెత్తగా ఉంటాయి. దక్షిణాన గ్రి గ్రి అనే చోట మాత్రం పగడపు గోడ లేదు. అక్కడ సముద్రం వచ్చి నల్లటి కొండచరియను నేరుగా కొడుతుంది. అప్పటిదాకా కేరింతలు కొట్టిన పిల్లలు అక్కడ అమ్మల చేతులు పట్టుకున్నారు.

క్యూర్‌పీప్ పట్టణం నడిబొడ్డున త్రూ ఓ సెర్ఫ్ అనే అగ్నిపర్వత బిలం ఉంది. చుట్టూ రోడ్డు, రోడ్డు పక్కన ఇళ్లు, పొద్దున్నే నడకకు వచ్చేవాళ్లు. ఇందిరా పార్కులో మనవాళ్లు నడిచినట్టే వాళ్లు అగ్నిపర్వతం అంచు మీద నడుస్తున్నారు. బిలం 80 మీటర్ల లోతు, లోపలంతా చెట్లు, అడుగున కాస్త నీరు. నిప్పు ఆరిపోయి వేల ఏళ్లయింది.

మాతో వచ్చినవారిలో భూగర్భశాస్త్రం చెప్పి రిటైరైన లెక్చరర్ గారొకరు ఉన్నారు. సొంతూరు గోదావరి జిల్లా దుద్దుకూరు. ముప్ఫై ఏళ్లకు పైగా చిక్కడపల్లి వాస్తవ్యులు. బిలం అంచున నిలబడి ఆయన చెప్పిన మాట మేము ఏ టూరిస్టు పుస్తకంలోనూ చూడలేదు. భూమి లోతుల్లోంచి వేడి శిల పైకి ఎగదన్నే చోటు ఒకటి ఈ ప్రాంతం కింద ఉంది. 6.6 కోట్ల ఏళ్ల కిందట దాని మీద ఉన్నది మన దక్కను. అప్పుడు పొంగిన లావాయే మహారాష్ట్ర అంతా పరుచుకుని, మన వికారాబాద్ దాకా వచ్చి ఆగింది. అక్కడి నల్లరేగడి దాని పొడే. ఒక పాయ రాజమండ్రి దాకా వెళ్లింది. పంగిడి, దుద్దుకూరు క్వారీల్లో తవ్వే నల్లకంకర అదే. తర్వాత మన భూఖండం ఉత్తరానికి జరిగిపోయింది. నిప్పు మాత్రం అక్కడే ఉండి లక్షదీవులు, మాల్దీవుల అడుగునున్న కొండల్ని, 80 లక్షల ఏళ్ల కిందట మారిషస్‌ను, ఆ తర్వాత పక్కనున్న రీయూనియన్ దీవిని పైకి నెట్టింది. చాలామంది శాస్త్రజ్ఞులు ఒప్పుకునే లెక్క ఇది అన్నారాయన. “అంటే మా ఊరి రాయి, ఈ రాయి ఒకే పొయ్యి మీద వండినవి.”

కోట్ల ఏళ్ల లెక్క వినగానే మాలో ఒకరు ఆదికాండం మొదటి అధ్యాయం తీశారు. ఆ వాదన వ్యాన్‌లో మొదలై మధ్యాహ్న భోజనం దాకా సాగింది. తేలలేదు. తేలేది కూడా కాదు. షమరేల్ అనే చోట నేల ఎరుపు, గోధుమ, ఊదా, పసుపు రంగుల్లో అలలు అలలుగా ఉంటే దాన్ని చూస్తూ ఇద్దరూ పక్కపక్కనే నిలబడి ఫొటో దిగారు. లావా రాయి కుళ్లి మట్టిగా మారేటప్పుడు అందులోని ఇనుము, అల్యూమినియం వేరువేరుగా తేలి ఆ రంగులు వచ్చాయట.

చెరకు తోటలో గుట్టలు

మా వ్యాన్ డ్రైవర్ తెలుగువాడు. అంటే, ఆయన పూర్వీకులు తెలుగువాళ్లు. ఇంట్లో మాట్లాడేది క్రియోల్, బయట ఫ్రెంచి, కాగితం మీద ఇంగ్లిషు. తెలుగు బడిలో చదువుకున్నాడు. అక్కడి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో తెలుగు ఒక సబ్జెక్టుగా ఉంది, మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో తెలుగు శాఖ ఉంది. ఉగాది అక్కడ దేశమంతటికీ సెలవు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది కూడా మారిషస్‌లోనే. మొదటిరోజు ఆయన అక్షరం అక్షరం విడదీసి “మీరు ఏ ఊరి నుండి వచ్చి ఉన్నారు?” అని అడిగితే పిల్లలు ముసిముసిగా నవ్వారు. పెద్దవాళ్లకు మాత్రం పాత అనువాదం బైబిలును ఎవరో నెమ్మదిగా చదువుతున్నట్టు వినిపించింది.

సింహాద్రి అప్పన్న పండుగ చేస్తామనీ, అమ్మోరు పండుగ చేస్తామనీ, రామభజనలు పాడతామనీ చెప్పాడు. పాటల్లో ప్రతి మాటకూ అర్థం తెలుసా అంటే తల అడ్డంగా ఊపాడు. ఇందులో ఆశ్చర్యం లేదు. బడి ముఖం చూడని మా అమ్మమ్మలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఒళ్లో పెట్టుకుని, కంఠతా వచ్చిన పాటను వేలితో వెంబడిస్తూ అక్షరాలు నేర్చుకున్నారు. వాళ్లకు పాట ముందు, అర్థం తర్వాత. పాడుతున్నంత కాలం భాష ఇల్లు వదిలి వెళ్లదు.

సెప్టెంబరులో అక్కడ చెరకు కోతలు. కోసిన మడుల్లో నేల కనిపిస్తుంది. ఆ నేల మీద అక్కడక్కడ నల్లరాళ్ల గుట్టలు. కొన్ని ఇంటి ఎత్తు, కొన్ని మెట్లు మెట్లుగా పేర్చిన పిరమిడ్ల లాంటివి. దీవి దక్షిణం వైపు వెళ్తుంటే కిటికీలోంచి చూసి ఏడేళ్ల పాప అడిగింది, “ఈ రాళ్లేంటి?”

యెహోషువ గ్రంథంలో యొర్దాను దాటాక నదిలోంచి పన్నెండు రాళ్లు ఎత్తించి గట్టున నిలబెట్టిన సంగతి మనకు తెలుసు. ముందు ముందు పిల్లలు ఈ రాళ్లేంటని అడుగుతారు, అప్పుడు చెప్పాలి అన్నది అక్కడి ఉద్దేశం. మారిషస్‌లో ఎవరూ జ్ఞాపకం కోసం రాళ్లు పేర్చలేదు. లావా దీవి కాబట్టి నేల నిండా రాళ్లే. చెరకు నాటాలంటే వాటిని తీయాలి. చేతులతో తీసి, నెత్తిన పెట్టుకుని మోసి, సాగుకు అడ్డురాని చోట గుట్టగా పోయాలి. మొదట బానిసలు, తర్వాత మన దేశం నుంచి వెళ్లిన కూలీలు ఆ పని చేశారు. డ్రైవర్ వ్యాన్ ఆపి, పాపకు అర్థమయ్యేలా రెండు చేతులూ నెత్తి మీద పెట్టి చూపించాడు. “మా ముత్తాత ఎత్తినాడు.”

హోటల్ బ్రోషర్లలో ఆ గుట్టల ఫొటో ఉండదు. ఉండాలని మేము అనుకుంటున్నాం.

పదహారు మెట్లు

రాజధాని పోర్ట్ లూయీలో రేవు పక్కనే ఆప్రవాసి ఘాట్ ఉంది. వెనకటి పేరు కూలీ ఘాట్. 1987లో పేరు మార్చారు, 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. చూడటానికి పెద్దగా ఏమీ ఉండదు. నల్లరాతి గోడలు, చిన్న గదులు, రేవు వైపు నుంచి పైకి వచ్చే పదహారు మెట్లు. ఆ రాయి కూడా లావా రాయే. 1849లో మొదలైన వలస డిపోలో ఇప్పుడు మిగిలింది కొంత భాగం మాత్రమే.

1835 ఫిబ్రవరి 1న మారిషస్‌లో బానిసత్వం రద్దయింది. విడుదలైన బానిసలు ఆ తర్వాత కూడా 1839 దాకా పాత యజమానుల దగ్గరే ‘అప్రెంటిస్‌లు’గా కట్టుబడి ఉండవలసి వచ్చింది. నష్టపరిహారం ఇచ్చారు, కానీ బానిసలకు కాదు, యజమానులకు. చెరకుకు చేతులు కావాలి. 1834 నవంబరు 2న ‘అట్లాస్’ ఓడలో 36 మంది భారతీయ కూలీలు దిగారు. 1920 నాటికి ఆ సంఖ్య నాలుగున్నర లక్షలు దాటింది. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి వెళ్లిన బీహారు, ఉత్తరప్రదేశ్ ప్రాంతాలవాళ్లు. తెలుగువాళ్లు కాకినాడ దగ్గరి కోరంగి, విశాఖ, మద్రాసు రేవుల నుంచి వెళ్లారు. పక్కనున్న రీయూనియన్‌కు అంతకంటే ముందే, 1828లోనే, యానాం నుంచి పదిహేను మంది తెలుగువాళ్లు వెళ్లారు.

ఎందుకు వెళ్లారో ఊహించడం కష్టం కాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అంతకుముందు గోదావరి డెల్టా ఒక ఏడు వరద, ఒక ఏడు ఎండ. 1832-33లో వచ్చిన నందన కరువు గుంటూరు సీమను ఊడ్చేసింది. 1839 నవంబరులో తుఫాను కోరంగి రేవునే ముంచేసింది. ఊళ్లో తిండి లేనప్పుడు మేస్త్రీ వచ్చి, సముద్రం అవతల పని ఉంది, కూడు ఉంది అంటే ఓడెక్కారు.

ఒప్పందం ఐదేళ్లు, జీతం నెలకు ఐదు రూపాయలు, పైన తిండిగింజలు. ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోత. ఎస్టేటు దాటి వెళ్లాలంటే పాసు, పాసు లేకపోతే జైలు. అది చదువుతున్నప్పుడు మాలో ఒకరి కూతురు, అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు ప్రిపేరవుతున్న అమ్మాయి, “ఇది మా ఊళ్లో దుబాయ్ ఏజెంట్ పెట్టించుకున్న సంతకంలా ఉంది” అంది. వాళ్లది జగిత్యాల వైపు. ఆమె మేనమామ పాస్‌పోర్టు అక్కడి యజమాని బీరువాలో రెండేళ్లు ఉందట. ఆ మాట తర్వాత చాలాసేపు ఎవరూ ఫొటోలు తీయలేదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆదివారం తెల్లవారి ఎస్టేటులో జీతం లేని వెట్టి ఉండేది. పశువుల కొట్టాలు, యార్డు ఊడ్చి శుభ్రం చేశాకే మిగతా రోజు కూలీది. ఆ ఎస్టేటు యజమానుల్లో చాలామంది ఆదివారం చర్చికి వెళ్లే క్రైస్తవులే. ద్వితీయోపదేశకాండం వాళ్ల బైబిలులోనూ ఉంది. దీన్ని సున్నితంగా చెప్పే మార్గం మాకు కనిపించలేదు. 1871లో కూలీలు తమ కష్టాలు చెప్పుకుంటూ ఒక అర్జీ పెట్టారు. 9,401 సంతకాలు. వాళ్ల తరఫున రాసి, తిరిగి, చివరికి తోటల యజమానుల చేత దెబ్బలు కూడా తిన్నది అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే యూరోపియన్. ఆ తర్వాత లండన్ నుంచి రాయల్ కమిషన్ వచ్చింది.

ద్వీపం అంటే బైబిలు చదివేవాళ్లకు ముందు గుర్తొచ్చేది పత్మసు. అది కూడా అగ్నిపర్వత శిలల దీవే. ఇప్పుడు అక్కడికి ఓడల్లో విహారయాత్రికులు వస్తారు. యోహాను వెళ్లింది ప్రవాస శిక్ష మీద. ఆయన రాసిన ప్రకటన గ్రంథం చివర, కొత్త భూమి గురించి చెబుతూ సముద్రం ఇక లేదని అంటాడు. బీచ్‌లో కూర్చున్నవాడికి ఆ మాట నిరాశగా ఉంటుంది. ఆ పదహారు మెట్లు ఎక్కినవాడికి అలా ఉండదు. వాడికి సముద్రం ఇంటికీ తనకూ మధ్య గోడ.

ఒక డాక్టరు, ఒక రంగయ్య

మేము సెప్టెంబరు ఎంచుకోవడానికి చెరకు కోతలు కారణం కాదు. ఏటా సెప్టెంబరు 8 రాత్రి దీవి నలుమూలల నుంచి జనం పోర్ట్ లూయీ శివారులోని సెంట్ క్రువా చర్చికి నడిచి వస్తారు. అక్కడ జాక్ దెజిరే లావాల్ సమాధి ఉంది. ఫ్రాన్సులో డాక్టరుగా పనిచేసి, ఆ తర్వాత గురువుగా మారి, 1841 సెప్టెంబరు 14న మారిషస్ వచ్చాడు. ఆయన పని అప్పుడే విడుదలైన బానిసల మధ్య. వాళ్ల భాషైన క్రియోల్ నేర్చుకున్నాడు, ఆ మాటల్లోనే బోధించాడు. ఇరవై మూడేళ్ల తర్వాత, 1864 సెప్టెంబరు 9న అక్కడే కన్నుమూశాడు. 1979 ఏప్రిల్ 29న పోప్ జాన్ పాల్ 2 ఆయనను ధన్యుడిగా ప్రకటించారు. ఆ పోప్ చేసిన తొలి ప్రకటనల్లో అదొకటి. 2019 సెప్టెంబరు 9న పోప్ ఫ్రాన్సిస్ కూడా వచ్చి ఆ సమాధి దర్శించారు.

మేము బాప్టిస్టులం. సమాధి దగ్గర కొవ్వొత్తి పెట్టే అలవాటు మాకు లేదు. చేతులు కట్టుకుని పక్కన నిలబడి చూశాం. వరసలో బొట్టు పెట్టుకున్నవాళ్లున్నారు, ముస్లిములున్నారు, చైనావాళ్లున్నారు. మా డ్రైవర్ చెప్పులు విడిచి వెళ్లి దణ్ణం పెట్టుకుని వచ్చాడు. శివరాత్రికి గ్రాండ్ బాసిన్ బిలంలోని గంగా తలావుకు లక్షల మంది నడిచి వెళ్తారట, ఆ నడక కూడా తాను నడుస్తానన్నాడు. ఎందుకని అడిగితే, “ఇతను పేదవాళ్ల మనిషి” అన్నాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మాటల్లో రీయూనియన్‌లోని లావా మాత చర్చి ప్రస్తావన వచ్చింది. అక్కడి పితోన్ ద లా ఫుర్నేజ్ ఇప్పటికీ మండే కొండ. 1977 ఏప్రిల్‌లో లావా పితోన్ సెంట్ రోజ్ ఊరి మీదికి వచ్చి, చర్చి దగ్గరకు రాగానే రెండుగా చీలి, గుమ్మం దగ్గర ఆగింది. జనాన్ని ముందే ఖాళీ చేయించారు. చర్చి నిలిచింది, చుట్టుపక్కల ఇళ్లు పోయాయి. అద్భుతమని కొందరు, నేల వాలు అని కొందరు. మా లెక్చరర్ గారు రెండో పక్షం. “ఇల్లు పోయినవాడి దగ్గర అద్భుతం గురించి జాగ్రత్తగా మాట్లాడాలి” అన్నారు. ఆ మాటకు ఆదికాండం తీసినవారు కూడా అడ్డు చెప్పలేదు.

విముక్త బానిసలకు లావాల్ ఉన్నాడు. మరి తోటల్లోకి వెళ్లిన తెలుగు కూలీల వెంట మన సంఘాల నుంచి ఎవరైనా వెళ్లారా? వెళ్లారు. మారిషస్‌కు కాదు, దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు. 1903లో తెలుగు బాప్టిస్టుల సొంత మిషనరీ సంఘం రెవరెండ్ జాన్ రంగయ్యను నెల్లూరు ప్రాంతం నుంచి అక్కడికి పంపింది. కెర్స్‌నీ తేయాకు తోటల్లో ఆయన తెలుగు కూలీలను చేర్చి అదే ఏడాది చివర సంఘం కట్టారు. విదేశీ మిషనరీలు మన దగ్గరికి వచ్చిన కథలు ఆదివారం బడిలో అందరం విన్నవే. మన వాడొకడు మన కూలీల కోసం ఓడెక్కిన కథ చిక్కడపల్లి, నారాయణగూడ సండే స్కూళ్లలో ఎంతమంది పిల్లలకు తెలుసో మరి. మాతో వచ్చిన నలుగురు పిల్లల్లో ఒక్కరికీ తెలియదు.

కాగితం ముక్క

చివరి ఆదివారం ఉత్తరాన కాప్ మలూరే అనే చోట ఎర్రకప్పు చర్చికి వెళ్లాం. మారిషస్ పోస్టుకార్డుల మీద కనిపించేది అదే. ముందు సముద్రం, దూరంగా నీళ్లలో ఒక కొండ, పెళ్లి ఫొటోలకు వచ్చిన జంటలు. ఆ ఫ్రెంచి పేరుకు ‘అభాగ్యపు అగ్రం’ అని అర్థం. దారిలో దోల్‌పూరీ తిన్నాం, బొబ్బట్టులో బెల్లం బదులు ఉప్పూ పచ్చడీ పెట్టినట్టుంటుంది. మేము దిగిన చోట గదులు సర్దే ఆమెను, మీరు ఆదివారం చర్చికి ఎన్నింటికి వెళ్తారని మా ఆడవాళ్లు అడిగారు. సెలవు దొరికిన వారం వెళ్తానంది. మన వీధి చివర టిఫిన్ సెంటర్లో ప్లేట్లు కడిగే కుర్రాడిని అడిగినా అదే జవాబు వస్తుంది.

లెక్చరర్ గారు మాత్రం ఆ యాత్రలో ఒక సొంత పని పెట్టుకుని వచ్చారు. వాళ్ల తాతగారికి చిన్నతాత ఒకరు దుద్దుకూరు నుంచి కోరంగి వెళ్లి ఓడెక్కారు, తిరిగి రాలేదు. ఇంట్లో మిగిలింది ఆ ఒక్క మాటే. ఏ ఓడో, ఏ దీవో, ఏ ఏడాదో తెలియదు. మహాత్మాగాంధీ సంస్థలో వలస కూలీల రిజిస్టర్లు భద్రంగా ఉన్నాయి. ఒక్కొక్కరికి ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, కులం, ఊరు, జిల్లా. 1865 నుంచి ఫొటోలు కూడా తీశారు. అక్కడివాళ్లు చాలామంది తమ ముత్తాతల ఊళ్లు ఆ పుస్తకాల్లోనే వెతుక్కున్నారు. నంబరు తెలిస్తే తేలిక. ఓడ పేరు, ఏడాది తెలిసినా కొంత దారి దొరుకుతుంది. పేరు ఒక్కటే తెలిస్తే చాలా కష్టం, ఎందుకంటే రాసిన గుమాస్తాలకు తెలుగు రాదు, చెప్పినవాళ్లకు ఇంగ్లిషు రాదు. వాళ్లు అడిగితే ఆయన చెప్పగలిగింది ‘అప్పన్న’ అనే పేరొక్కటే. సింహాచలం కొండ కనిపించే మేర ప్రతి రెండో ఇంట్లో ఒక అప్పన్న ఉన్న కాలం అది.

ఆయన జేబులోంచి పెన్ను తీసి ఒక కాగితం ముక్క మీద తాతగారి పేరు, వాళ్ల నాన్నగారి పేరు రాశారు. ఊరి పేరు దగ్గర కాసేపు ఆగి, దుద్దుకూరును ఇంగ్లిషులో మూడు రకాలుగా రాశారు. కింద చిక్కడపల్లి చిరునామా, ఫోను నంబరు రాసి వాళ్ల చేతికిచ్చారు.